రెక్ సెంటర్‌లో రెండేళ్లు: నా అనుభవం

మొదటి సెమిస్టరు బిల్లులో చిన్న అక్షరాలతో ఒక వరుస ఉంది. ట్యూషన్, గ్రంథాలయం, ఆరోగ్య కేంద్రం, వాటి కింద ‘రిక్రియేషన్ రుసుము’. అది 2017 ఆగస్టు. ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులు. ఒంగోలులో ఇల్లు తాకట్టు పెట్టి, బ్యాంకు రుణం తీసుకుని టెక్సాస్‌కు చదువుకోవడానికి వచ్చిన నా దగ్గర ఆటల కోసం డబ్బు తీసుకోవడం ఏమిటని కోపం వచ్చింది. కట్టిన డబ్బుకు అక్కడ ఏముందో చూసి రావాలని, మండే ఎండలో క్యాంపస్ చివర ఉన్న రెక్ సెంటర్ (రిక్రియేషన్ సెంటర్, అంటే విద్యార్థులు ఆడుకునే, వ్యాయామం చేసుకునే భవనం) దాకా నడిచి వెళ్లాను.

లోపలికి అడుగు పెట్టగానే చెక్క నేల మీద బంతులు పడి లేచే చప్పుడు వినిపించింది. ఎడమ పక్క నాలుగు కోర్టులు, వాటి పైన చుట్టూ తిరిగే పరుగు ట్రాక్. కుడి పక్క బరువులెత్తే హాలు, అద్దాల వెనక ఈతకొలను, మూలన రంగురంగుల పట్లు బిగించిన ఎక్కే గోడ. నన్ను కదలకుండా నిలబెట్టింది మాత్రం మూడో కోర్టు. అక్కడ అమ్మాయిలు వాలీబాల్ ఆడుతున్నారు. సాయంత్రం 6 గంటలప్పుడు, పక్క కోర్టులో అబ్బాయిలు ఆడుతుండగా, వాళ్ల పాటికి వాళ్లు ఆడుకుంటున్నారు.

మా నాన్న ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాస్టారు. బడికి ఏడాదికి రెండు వాలీబాళ్లు వచ్చేవి. కుట్టు ఊడితే తనే కూర్చుని కుట్టేవారు, గాలి దిగిపోతే సైకిలు షాపుకు పట్టుకెళ్లేవారు. ఆయన దగ్గర ఒక వెదురు గడ ఉండేది. దాని మీద ఎర్ర రంగుతో రెండు గీతలు. పై గీత 2.43 మీటర్లు, మగపిల్లల నెట్టు ఎత్తు. కింది గీత 2.24 మీటర్లు, ఆడపిల్లల నెట్టు ఎత్తు. సాయంత్రం మైదానమంతా అబ్బాయిలదే కాబట్టి ఆడపిల్లల కోసం నాన్న తెల్లవారి 6 గంటలకే బడి గేటు తీసేవారు. నేను తొమ్మిదో తరగతి వరకు ఆడాను. పదిలో ట్యూషన్లు మొదలయ్యాయి. ఇంటర్ రెండేళ్లూ నాలుగంతస్తుల అద్దె భవనంలో నడిచిన కాలేజీలో గడిచాయి. అక్కడ మైదానమే లేదు. ఇంజనీరింగ్ కాలేజీలో మైదానం ఉన్నా సాయంత్రం 6 గంటలకల్లా ఆడపిల్లలం హాస్టల్ లోపల ఉండాలి. బంతి ముట్టుకుని అప్పటికి ఎనిమిదేళ్లయింది.

ఆ రోజు నేను ఆడలేదు. చాలాసేపు చూసి బయటికి వస్తుంటే తలుపు దగ్గర ఒక కాగితం కనిపించింది: విద్యార్థి ఉద్యోగులు కావలెను.

విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు చదువు సాగే రోజుల్లో క్యాంపస్ లోపలే, వారానికి 20 గంటలకు మించకుండా పనిచేయవచ్చు. అందుకని గ్రంథాలయం, భోజనశాల, రెక్ సెంటర్, ఈ మూడింటి చుట్టూ మన పిల్లలందరూ తిరుగుతుంటారు. నేను దరఖాస్తు పెట్టిన పదో రోజున మౌఖిక పరీక్షకు పిలిచారు. ఆరుగురిని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగారు: “ఒక మనిషి కార్డు మరిచిపోయి వచ్చాడు, రోజూ వచ్చేవాడే, కోపంగా ఉన్నాడు. మీరేం చేస్తారు?” ఒకరు లోపలికి పంపిస్తామన్నారు, ఇంకొకరు పంపించమన్నారు. నేను ఆయన పేరు అడిగి, కంప్యూటర్లో ఫొటో సరిచూసి పంపిస్తానని చెప్పాను. మా బడిలో ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిని నాన్న గేటు బయట నిలబెట్టకుండా పేరు రాసుకుని లోపలికి పంపడం చూసి పెరిగినదాన్ని. అదే చెప్పాను.

ఉద్యోగం వచ్చింది. కాగితాల పని మాత్రం మూడు వారాలు పట్టింది. జీతం, పన్నుల లెక్క కోసం ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు రావాలంటే ముందు ఉద్యోగం ఇచ్చినవాళ్ల ఉత్తరం కావాలి, దాని మీద అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ఇచ్చే ఇంకో ఉత్తరం కావాలి. ఆ రెండూ, పాస్‌పోర్టూ పట్టుకుని ప్రభుత్వ కార్యాలయంలో వరుసలో నిలబడాలి. కొత్తగా వెళ్లేవారికి నా సలహా ఒకటే: ఉద్యోగం ఖాయమైన రోజే ఈ ఉత్తరాలు అడగండి. ఒక వారం ఆలస్యమైతే ఒక వారం జీతం పోతుంది. నాకు గంటకు 9 డాలర్లు ఇచ్చారు.

అసలు పని మొదలుకాకముందే రెండు రోజుల శిక్షణ. ప్రథమ చికిత్స, గుండె ఆగిన మనిషికి చేయవలసిన సాయం. నేల మీద పడుకోబెట్టిన బొమ్మ ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, కనీసం 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. 30 నొక్కుళ్లు, 2 ఊపిరులు, మళ్లీ 30. రెండు నిమిషాలకే నా భుజాలు మంటలెత్తాయి. పక్కవాళ్లతో మారుతూ ఉండాలని అప్పుడే నేర్పారు. గోడకు తగిలించి ఉండే షాక్ ఇచ్చే యంత్రం తెరవగానే తనే మాట్లాడుతుంది, అట్టలు ఛాతీ మీద ఎక్కడ అంటించాలో చెబుతుంది, షాక్ అవసరమా కాదా అన్నది అదే తేల్చుతుంది. భయపడకుండా తెరవడమే మన పని. ఆ సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. శిక్షణ అయ్యాక కూడా మమ్మల్ని వదల్లేదు. నెలకొకసారి, ఎప్పుడో చెప్పకుండా, అధికారి ఒకరు బొమ్మను తెచ్చి ఏదో ఒక మూల పడేసేవారు. మొదటిసారి ఆ యంత్రాన్ని తేవడానికి నాకు దాదాపు రెండు నిమిషాలు పట్టింది. నాలుగోసారికి నలభై సెకన్లలో తెచ్చాను. మా ఊళ్లో బస్సు దిగుతూ కుప్పకూలిన మనిషి చుట్టూ యాభైమంది నిలబడి చూస్తుండిపోయిన దృశ్యం నాకు గుర్తుంది. వాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. వాళ్లకు ఇది నేర్పినవారే లేరు. మన ప్రతి కాలేజీలో ఈ రెండు రోజుల శిక్షణ ఉండాలని అప్పటినుంచి కనిపించిన ప్రతి లెక్చరర్‌కూ చెబుతున్నాను.

తరవాత మొదలైంది రోజువారీ పని. తలుపు దగ్గర కార్డులు చూడటం. సామాన్ల కిటికీ దగ్గర కార్డు తీసుకుని బంతో రాకెట్టో ఇచ్చి, తిరిగి తెచ్చినప్పుడు కార్డు ఇవ్వడం. ఎక్కడపడితే అక్కడ వదిలేసిన ఇనుప బిళ్లలను బరువు వరుసలో పేర్చడం. చెమట పట్టిన బల్లలను మందు చల్లి తుడవడం. తువ్వాళ్లు ఉతికి మడతపెట్టడం. గంటకొకసారి ఒక అట్టకు బిగించిన కాగితం పట్టుకుని భవనమంతా తిరిగి, ఎక్కడ ఎంతమంది ఉన్నారో లెక్క రాయడం.

ఈ లెక్క నాకు మొదట్లో అర్థం కాలేదు. తలుపు దగ్గర కార్డు గీస్తున్నారు కదా, లోపలికి ఎంతమంది వచ్చారో కంప్యూటర్లో ఉంటుంది కదా అని మా పర్యవేక్షకురాలిని అడిగాను. ఆమె కూర్చోబెట్టి చెప్పింది. కార్డు చెప్పేది మనిషి వచ్చాడని మాత్రమే. వచ్చి ఎక్కడ నిలబడ్డాడు, ఎక్కడ నిలబడలేకపోయాడు అన్నది చెప్పదు. నాలుగు కోర్టుల్లో ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉంటే అక్కడ దీపం సరిగా లేదేమో. బరువుల హాల్లో 60 మంది ఉంటే అందులో ఆడవాళ్లు నలుగురే అయితే, మిగతావాళ్లు రాకపోవడానికి ఏదో కారణం ఉంది. ఆ కారణం ఎవరూ వచ్చి చెప్పరు, అంకె చెబుతుంది. కొత్త యంత్రాలకు డబ్బు అడగాలన్నా, రాత్రి ఇంకో గంట తెరిచి ఉంచాలన్నా ఆ కాగితాలే సాక్ష్యం. ఆ రోజు నుంచి నేను అంకె ఉజ్జాయింపుగా రాయలేదు. మెట్ల కింద కూర్చుని బూట్లు కట్టుకుంటున్నవారిని కూడా లెక్కపెట్టాను.

బిల్లులోని ఆ వరుస సంగతి కూడా ఆమే చెప్పింది. టెక్సాస్‌లో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఈ రుసుము విధించాలన్నా, పెంచాలన్నా విద్యార్థుల ఓటు ఉండాలని చట్టం చెబుతుంది. మా భవనం కూడా అలా ఓటుతో వచ్చిందే. అయితే ఓటు వేశాక నక్షాలు గీయాలి, కట్టాలి. నాలుగేళ్లు, ఐదేళ్లు పడుతుంది. అంటే ఓటు వేసినవారిలో చాలామంది ఆ తలుపు తెరిచేలోగా చదువు ముగించి వెళ్లిపోయి ఉంటారు. తాము ఒక్కరోజు కూడా ఆడని కోర్టుల కోసం వాళ్లు చేయి ఎత్తారు. ఆ రాత్రి ఫోనులో నాన్నకు ఈ మాట చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, “మన బడి ప్రహరీ వెంబడి వేపమొక్కలు నాటిన బ్యాచి గుర్తుందా అమ్మా? వాళ్లెవరూ ఆ నీడన కూర్చోలేదు” అన్నారు. ఆ మరుసటి నెల బిల్లు వచ్చినప్పుడు ఆ వరుస మీద నా చూపు నిలిచింది, ఈసారి కోపం రాలేదు.

ఇలాంటి కేంద్రాల చరిత్ర తెలుసుకోవాలన్న ఆసక్తి అప్పటినుంచే. అమెరికాలో కాలేజీ ఆటలంటే టీవీలో కనిపించే జట్లే అనుకుంటాం. అవి ఎంపికైన కొద్దిమందివి. మిగతా వేలమంది విద్యార్థుల కోసం, క్యాంపస్ లోపలి జట్ల మధ్య ఆడుకునే ఆటలు వేరు. ఆ ఆటల కోసమే ప్రత్యేకంగా ఒక పెద్ద భవనం 1928లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో తెరిచారు. దాని వెనక ఉన్నది ఎల్మర్ మిచెల్ అనే ఆచార్యుడు. నన్ను ఇంకా కదిలించినది 1950 నాటి సంగతి. నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన 11 కాలేజీల నుంచి 22 మంది ఆటల నిర్వాహకులు, స్త్రీలూ పురుషులూ కలిసి, న్యూ ఓర్లీన్స్‌లోని డిల్లార్డ్ విశ్వవిద్యాలయంలో సమావేశమయ్యారు. వాళ్లను పిలిచినది విలియం వాసన్. ఈ రోజు అమెరికా అంతటా క్యాంపస్ వినోద కేంద్రాలను నడిపేవారందరికీ వేదికగా ఉన్న నిర్సా అనే సంఘం ఆ గదిలో పుట్టింది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారికీ తెల్లవారికీ బడులు వేరుగా ఉన్న కాలం అది. అందరి కోసం తలుపు తెరవాలన్న ఆలోచనను సంఘంగా నిలబెట్టినవారు, తమ ముందు ఎన్నో తలుపులు మూసి ఉన్నవారు. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వచ్చాక ఆడపిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలన్న నియమం పెద్ద జట్లకే కాక, క్లబ్బులకూ క్యాంపస్ లోపలి ఆటలకూ వర్తించింది. మూడో కోర్టులో నేను చూసిన అమ్మాయిల వెనక ఇంత ఉంది.

రెండో సెమిస్టరులో నన్ను బయటి మైదానాల దగ్గర వేశారు. ఇక్కడే మనవాళ్ల క్రికెట్టు వస్తుంది. శుక్రవారం రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద టెన్నిస్ బంతికి టేపు చుట్టి ఆడేవారు. వరంగల్, విజయవాడ, కర్నూలు, హైదరాబాద్, అన్ని ఊళ్ల పిల్లలూ ఉండేవారు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్ పిల్లలు కూడా. ఏప్రిల్‌లో ఒక రాత్రి రెండు జట్ల మధ్య ఆట చివరి ఓవరు దాకా వచ్చింది. 6 బంతులు, 7 పరుగులు. పడమటి దిక్కున ఆకాశం ఒక్కసారి తెల్లబడింది.

నియమం స్పష్టంగా ఉంది. మెరుపు కనబడినా, ఉరుము వినబడినా మైదానం ఖాళీ చేయించాలి. చివరి ఉరుము విన్న క్షణం నుంచి 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో మళ్లీ ఉరిమితే లెక్క మొదటినుంచి. నేను హారన్ నొక్కాను. అందరూ నావైపు తిరిగారు.

“అక్కా, ఒక్క ఓవరే అక్కా. రెండు నిమిషాలు.”

“లోపలికి రండి.”

“వాన కూడా లేదు అక్కా, ఎక్కడో మెరిసింది.”

అందరూ నా తమ్ముళ్ల వయసువాళ్లు. వారమంతా ప్రయోగశాలల్లో, వంటగదుల్లో పనిచేసి ఆ మూడు గంటల కోసం ఎదురుచూసేవాళ్లు. మన ఊళ్లో ఏటా పొలాల్లో పిడుగు పడి ఎంతమంది కూలీలు చనిపోతారో వాళ్లకు తెలియనిది కాదు. ఆట మధ్యలో అది గుర్తురాదు, అంతే. చేతుల్లో బ్యాట్లు, చుట్టూ ఇనుప స్తంభాలు, నడిమధ్య నిటారుగా నిలబడ్డ ఇరవైమంది. నేను మైదానం మధ్యలోకి నడిచి వెళ్లి వికెట్లు పీకి చంకన పెట్టుకున్నాను. ఒకడు నా మీద అరిచాడు. ఇంకొకడు వాణ్ణి వెనక్కి లాగాడు. అందరూ లోపలికి వచ్చారు. 30 నిమిషాల లెక్క రెండుసార్లు మళ్లీ మొదలైంది. 11 గంటలకు భవనం మూసేశాం. ఆట తేలలేదు.

మరుసటి వారం ఆ అరిచిన కుర్రవాడే వచ్చి క్షమించమన్నాడు. క్షమాపణతో ఆగలేదు. “ప్రతి వారమూ మైదానం దొరుకుతుందో లేదో తెలియదు అక్కా. ఫుట్‌బాల్ వాళ్లకు ఖాయంగా ఉంటుంది, మాకెందుకు లేదు?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఎవరైనా వచ్చి ఆడుకోవడం ఒక పద్ధతి, లీగులో జట్టుగా పేరు ఇచ్చి ఆడటం ఇంకొకటి, విద్యార్థులే నడుపుకునే క్లబ్బుగా ఏర్పడటం మూడోది. ఖాయంగా మైదానం కావాలంటే మూడోదే దారి. విద్యార్థి సంఘంగా నమోదు కావాలి. నియమావళి రాసుకోవాలి. ఒక అధ్యాపకుడు సలహాదారుగా సంతకం చేయాలి. ప్రమాదం జరిగితే బాధ్యత తమదేనని ఆడే ప్రతి ఒక్కరూ కాగితం రాసి ఇవ్వాలి. ప్రతి ఆటకూ ప్రథమ చికిత్స నేర్చినవాడు ఒకడు మైదానంలో ఉండాలి. ఆ కాగితాలన్నీ నింపడంలో రెండు నెలలు వాళ్లతో కూర్చున్నాను. మైదానాల కేటాయింపు సమావేశంలో “క్రికెట్టుకు ఎంతమంది వస్తారు?” అని అడిగితే నేను ఏడాది లెక్కల కాగితాలు తీసి చూపించాను. ఒక్కో శుక్రవారం 38, 41, 46. పక్క మైదానంలో అదే సమయానికి 14. వాళ్లకు శుక్రవారం రాత్రి ఖాయమైంది. ఆ అరిచిన కుర్రవాడు తనంతట తానే ప్రథమ చికిత్స శిక్షణకు పేరు ఇచ్చాడు. నా రెండేళ్లలో నేను చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

లెక్కల కాగితాలతో ఇంకొక తలుపు కూడా తెరుచుకుంది. ఈతకొలనులో ఆడవాళ్ల అంకె తక్కువగా ఉండేది. విద్యార్థినుల సంఘాలు కొన్ని కలిసి అడిగితే, ఆదివారం ఉదయం రెండు గంటలు ఆడవాళ్లకు మాత్రమే అన్నారు. అద్దాలకు తెరలు దించేవారు, ప్రాణరక్షకులు కూడా ఆడవాళ్లే ఉండేవారు. ఇలాంటి ఏర్పాటు మీద అమెరికాలో వాదనలు లేకపోలేదు. 2008లో హార్వర్డ్‌లో ఒక వ్యాయామశాలలో వారానికి కొన్ని గంటలు ఆడవాళ్లకు కేటాయించినప్పుడు దేశమంతా చర్చ జరిగింది. రుసుము అందరూ కడుతున్నప్పుడు కొందరిని బయట ఉంచవచ్చా అన్నది వాదన. దాన్ని నేను తేలికగా కొట్టివేయను. కాని ఆ రెండు గంటల్లో అక్కడికి ఎవరెవరు వచ్చారో నేను చూశాను. సౌదీ అమ్మాయిలు, శస్త్రచికిత్స మచ్చలున్న ఒక అమెరికన్ పెద్దావిడ, మన తెలుగు పిల్లలు. మిగతా వారమంతా తలుపు తెరిచే ఉన్నా వాళ్లు లోపలికి రాలేకపోయారు.

మా అపార్టుమెంటులో పై అంతస్తులో కరీంనగర్ అక్క ఒకామె ఉండేది. భర్త పరిశోధక విద్యార్థి. ఆమె వీసా మీద ఉద్యోగం చేయకూడదు. కారు లేదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా రెండు గదుల్లో ఒక్కతే. ఒక ఆదివారం అతిథి చీటీ కొని ఆమెను తీసుకెళ్లాను. నేనూ అప్పటికి ఈత నేర్చుకోలేదు. మా ఊరి అబ్బాయిలు నడుముకు బెండ్లు కట్టుకుని బావుల్లో నేర్చుకునేవారు, మేము గట్టు మీద నిలబడి చూసేవాళ్లం. ఇద్దరమూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నడుము లోతు నీళ్లలోకి దిగాం. ముందు నీళ్లలో ముఖం పెట్టి బుడగలు వదలడం, తరవాత గోడ పట్టుకుని కాళ్లు ఆడించడం, తరవాత వెల్లకిలా తేలడం. తేలడానికే ఐదు వారాలు పట్టింది. మెడ వదలాలి. నీటి మీద నమ్మకం పెట్టి తల వెనక్కి వాల్చాలి. ఆరో ఆదివారం అక్క నాకన్నా ముందు తేలింది. చెవులు నీళ్లలో ఉండటంతో తన గొంతు తనకు వినబడక, “చెల్లీ, చూడు!” అని ఎంత గట్టిగా అరిచిందో, కొలనంతా నిశ్శబ్దమై అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత ఆమె భర్త కుటుంబ సభ్యత్వం తీసుకున్నాడు. నెలనెలా కట్టే ఆ డబ్బు వాళ్లకు తక్కువేమీ కాదు. విద్యార్థుల జీవిత భాగస్వాములకు ఈ రుసుము తగ్గించాలని నేను ఉద్యోగం వదిలే రోజు సూచనల పుస్తకంలో రాసి వచ్చాను.

తెల్లవారుజాము షిఫ్టు నాకు చాలా ఇష్టం. 5:30కు తలుపు తీసేసరికి బయట ముగ్గురు నలుగురు వృద్ధులు నిలబడి ఉండేవారు. పదవీ విరమణ చేసిన ఆచార్యులు, వాళ్ల భార్యలు. పై ట్రాక్ మీద నడుస్తారు. ఆ ట్రాక్‌కు ఒక బాణం గుర్తు ఉంటుంది, రోజు మార్చి రోజు దాన్ని తిప్పాలి. ఎప్పుడూ ఒకే వైపు మలుపులు తిరిగితే ఒకే మోకాలి మీద భారం పడుతుంది. ఒక రోజు తిప్పడం మరిచిపోయాను. ఎనభై దాటిన ఒకాయన కిందికి దిగి వచ్చి, “ఈ రోజు నా ఎడమ మోకాలి వంతు” అని మెల్లగా గుర్తు చేశారు. మళ్లీ ఎప్పుడూ మరవలేదు.

బుధవారం రాత్రులు చక్రాల కుర్చీల బాస్కెట్‌బాల్. ఈ ఆటకు అమెరికా క్యాంపసుల్లో లోతైన వేళ్లున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల కోసం ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో టిమోతీ న్యూజెంట్ మొదలుపెట్టిన పని అది. తొలి జాతీయ పోటీ 1949లో అదే రాష్ట్రంలోని గేల్స్‌బర్గ్‌లో జరిగింది. మాకు దగ్గరలోని ఆర్లింగ్టన్‌లో ‘మూవిన్ మావ్స్’ అని పేరున్న విశ్వవిద్యాలయ జట్టు ఉంది. మా కేంద్రంలో నడవగలిగినవాళ్లు కూడా కుర్చీలో కూర్చుని ఆడవచ్చు. బుట్ట ఎత్తు మారదు, 3.05 మీటర్లే. చక్రాలను రెండుసార్లు తోశాక, మళ్లీ తోసేలోగా బంతిని నేలకు కొట్టాలి. నేను కూర్చున్న మొదటి రాత్రి బంతి బుట్ట అంచును కూడా తాకలేదు. పక్కన కుర్చీలో రోజూ తిరిగే అమ్మాయి బుట్టలు వేస్తూనే ఉంది. మా కాలేజీలో పోలియో వచ్చిన ఒక సహాధ్యాయుడు ఆటల పీరియడులో నాలుగేళ్లూ అరుగు మీద కూర్చుని మా సంచులకు కాపలా కాశాడు. అతనికి ఒక ఆట ఇవ్వాలని మాలో ఎవరికీ తోచలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి అతని నంబరు వెతికి ఫోను చేశాను.

చివరి ఏడాది నన్ను పర్యవేక్షకురాలిని చేశారు. తాళాలు నా దగ్గరే. మూసే వేళకు 15 నిమిషాల ముందు ఒకసారి, 5 నిమిషాల ముందు ఒకసారి చెప్పాలి. స్నానాల గదులు, ఆవిరి గది, మెట్ల వెనక, అన్నీ తిరిగి మనిషి లేడని చూసుకుని ఒక్కో దీపం ఆర్పాలి. కొలను నీటిలో క్లోరిన్ ఎంతో, ఆమ్లత 7.2కూ 7.8కూ మధ్య ఉందో లేదో చూసిన కాగితం మీద సంతకం పెట్టాలి. ఎవరైనా పడితే, చీలమండ బెణికితే ప్రమాద పత్రం నింపి ఉందా చూడాలి. ఇవన్నీ చేసేది పాతికేళ్లు దాటని విద్యార్థులే. జీతం మీద పూర్తికాలం పనిచేసే పెద్దలు పదిమంది కూడా లేరు. మిగతాదంతా రేపు ఉదయం పరీక్ష ఉన్న పిల్లల చేతుల్లో నడుస్తుంది.

2019 మేలో పట్టా తీసుకునేటప్పుడు నాన్న వచ్చారు. అప్పటికి పదవీ విరమణ చేసి ఏడాది. డాలస్ చూపిస్తానంటే ముందు నీ పని చోటు చూపించమన్నారు. అతిథి చీటీ తీసుకుని లోపలికి తీసుకెళ్లాను. చాలాసేపు ఏమీ అనలేదు. బంతుల గదిలో వరుసగా పేర్చిన వాలీబాళ్లను చూసి ఒకటి చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూశారు. “గాలి కొంచెం ఎక్కువైంది” అన్నారు. గాలి కొలిచే సాధనం పెట్టి చూస్తే నిజమే.

మూడో కోర్టులో అబ్బాయిలు ఆడి వెళ్లిపోయారు. తరవాతి వంతు అమ్మాయిలది. నెట్టు పై ఎత్తులోనే ఉంది. అమ్మాయిలు బంతి ఎగరేసుకుంటూ ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నారు. నేను నెట్టు దించే పిడి తేవడానికి గదిలోకి వెళ్లి వచ్చేసరికి నాన్న స్తంభం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. స్తంభం మీద గుర్తులు చెక్కి ఉన్నాయి. కళ్లజోడు సరిచేసుకుని వేలితో ఒక్కొక్కటే తడుముతున్నారు.

“ఇదిగో అమ్మా, 2.24” అన్నారు. “ఆ పక్క నువ్వు పట్టుకో. ఇద్దరం ఒకేసారి దించాలి, లేకపోతే నెట్టు వాలుతుంది.”

నేను రెండో స్తంభం దగ్గరికి వెళ్లి పిడి తిప్పడం మొదలుపెట్టాను.